ఆనర్స్ డార్మా, అపార్ట్‌మెంటా?

ఆనర్స్ కాలేజీలో సీటు వచ్చిందన్న మెయిల్ అందిన రోజు ఇంట్లో మాటలన్నీ స్కాలర్‌షిప్ చుట్టూనే తిరుగుతాయి. గది సంగతి తర్వాత చూద్దామనుకుంటారు. కానీ అమెరికాలోని చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో సొంత రాష్ట్రం పిల్లలకు ట్యూషన్ కన్నా గదీ భోజనాల ఖర్చే ఎక్కువ. ట్యూషన్ కలిసొస్తుందని న్యూజెర్సీ, టెక్సస్ తెలుగు కుటుంబాలు సొంత రాష్ట్రంలోనే చేర్పించినా ఈ బిల్లు తప్పదు.

కొన్నిచోట్ల డార్మా, అపార్ట్‌మెంటా అని ఎంచుకునే వీలే ఉండదు. పెన్ స్టేట్‌లోని ష్రేయర్ ఆనర్స్ కాలేజీ మొదటి ఏడాది విద్యార్థులను ఏథర్టన్, సిమన్స్ హాళ్లలో ఉంచుతుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో ఆండ్రూస్, బ్లాంటన్, కరదర్స్ భవనాలు ఆనర్స్ విద్యార్థుల క్వాడ్‌గా పేరుపడ్డాయి. అరిజోనా స్టేట్‌లోని బారెట్ కాలేజీ గది అద్దె కాక సెమిస్టర్‌కింత అని ఆనర్స్ ఫీజు విడిగా తీసుకుంటుంది. అది ఇంట్లో వేసుకునే లెక్కలో తరచూ జారిపోతుంది.

ఇంతకీ ఆ డార్మ్‌లో ప్రత్యేకంగా దొరికేదేమిటి? కోర్సుల రిజిస్ట్రేషన్‌లో ముందు వరస, చిన్న తరగతులు, థీసిస్ గైడ్ వంటివి ఆనర్స్‌లో ఉన్నందుకు వస్తాయి, బయట ఉన్నా పోవు. డార్మ్ ఇచ్చేది తోడు. అర్ధరాత్రి ఆర్గానిక్ కెమిస్ట్రీ లెక్క తెగకపోతే పక్క గది తలుపు తట్టొచ్చు. కొత్త ఊళ్లో, తొలి ఏడాదిలో దాని విలువ చాలా ఎక్కువ. కాస్త ఖరీదైనా ఆ ఒక్క ఏడాదికీ డార్మే మేలు.

రెండో ఏడాది నుంచి లెక్క మారుతుంది. డార్మ్ ఒప్పందం సాధారణంగా ఆగస్టు నుంచి మే వరకే. అపార్ట్‌మెంట్ లీజు ఎక్కువగా 12 నెలలకు ఉంటుంది. నెలకు 800 డాలర్ల వాటా అనుకుంటే, ఇంటర్న్‌షిప్‌కు వేరే ఊరెళ్లిన మూడు నెలలకూ 2,400 డాలర్లు కట్టాల్సిందే. సబ్‌లీజుకు ఇవ్వొచ్చో లేదో సంతకానికి ముందే అడగాలి. డార్మ్ వైపు చూస్తే మీల్ ప్లాన్ చాలాచోట్ల తప్పనిసరి. శాకాహారం తినే పిల్లలు డబ్బు కట్టి కూడా గదిలో నూడుల్స్ వండుకుంటుంటే అది నష్టమే. డైనింగ్ హాల్ మెనూ ముందే చూసుకోవాలి.

పన్నుల మాటకొస్తే, పిల్లల చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతా డబ్బుతో పన్ను పడకుండా గది, భోజనాల ఖర్చు భరించవచ్చు. విద్యార్థి కనీసం సగం కోర్సు భారంతో చదువుతుండాలి. క్యాంపస్ బయట ఉంటే కాలేజీ ప్రకటించిన భత్యం దాకానే ఆ వెసులుబాటు. స్కాలర్‌షిప్‌లో గదికీ భోజనానికీ వాడిన భాగం మాత్రం పన్ను వేయదగిన ఆదాయం కిందికి వస్తుంది. మొత్తం ఖర్చు భరించే 'ఫుల్ రైడ్' స్కాలర్‌షిప్ వచ్చిన ఇళ్లకు ఈ సంగతి తెలియడం చాలా అవసరం.

బయటికి మారాలనుకునేవారు వసంతం దాకా ఆగకూడదు. ఆస్టిన్ లాంటి ఊళ్లలో వచ్చే ఏడాది ఇళ్లకు లీజులు ముందటి శరదృతువులోనే మొదలవుతాయి.