మశూచి పోయింది, మరి విరేచనాలు ఎందుకు పోలేదు?



మొన్న వానాకాలంలో మా 9వ తరగతిలో అంటువ్యాధుల పాఠం చెబుతున్నాను. 1975 తర్వాత మన దేశంలో మశూచి కనిపించలేదనీ, 1977లో సోమాలియాలో సహజంగా సోకిన చివరి రోగిని గుర్తించారనీ, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భూమి మీద మశూచి లేకుండా పోయిందని ప్రకటించిందనీ బోర్డు మీద రాశాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మాస్టారూ! అంత భయంకరమైన మశూచినే పోగొట్టారు గదా, విరేచనాలను ఎందుకు పోగొట్టలేకపోతున్నారు? పోయిన వారం మా వీధిలో పదిమందికి పట్టుకున్నాయి" అని అడిగింది.

కొందరు పిల్లలు కిసుక్కున నవ్వారు. కాని ఆ ప్రశ్న నవ్వి ఊరుకోవలసింది కాదు. ప్రపంచంలో అయిదేళ్లలోపు పిల్లలు ఏటా సుమారు 4 లక్షల 40 వేలమంది ఈ జబ్బుతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే రోజుకు సుమారు 1,200 మంది. ఇంతలో గంట కొట్టడంతో ఆ అమ్మాయికి సగం జవాబే చెప్పాను. పూర్తి జవాబు ఇప్పుడు మీ అందరికీ చెబుతాను.

మశూచిని ఎలా గెలిచాం?

మశూచిని గెలవడానికి నాలుగు సంగతులు మనకు కలిసివచ్చాయి. మొదటిది, ఆ వ్యాధిని కలిగించే వైరస్ ఒక్కటే. రెండవది, అది మనిషిలో తప్ప మరెక్కడా బతకదు. మూడవది, రోగి ఒంటినిండా పొక్కులు వస్తాయి కనుక అతన్ని ఎవరైనా ఇట్టే గుర్తుపట్టవచ్చు. నాలుగవది, ఒకసారి టీకా వేస్తే ఏళ్ల తరబడి రక్షణ ఉంటుంది. రోగిని గుర్తించి, చుట్టుపక్కల వారందరికీ టీకాలు వేస్తే వైరస్‌కు పోవడానికి చోటుండదు.

ఇప్పుడు ఈ నాలుగు సంగతులనూ విరేచనాలకు వర్తింపజేసి చూద్దాం. ఒక్కటీ సరిపోదు!

శత్రువు ఒక్కడు కాదు

విరేచనాలు అనేది ఒక వ్యాధి పేరు కాదు. జ్వరం లాగే అదీ ఒక లక్షణం. దాని వెనక ఉండే సూక్ష్మజీవులు అనేకం. రోటావైరస్, నోరోవైరస్ వంటి వైరస్‌లు ఉన్నాయి. కలరా విబ్రియో, షిగెల్లా, ఎషరీషియా కోలైలో కొన్ని రకాలు – ఇవి బాక్టీరియా. అమీబా, జియార్డియా, క్రిప్టోస్పోరీడియం – ఇవి ప్రోటోజోవా. ఒక్కొక్కదానిలో మళ్లీ ఎన్నో తెగలు. ఒకదానికి తయారుచేసిన టీకా మరొకదానికి పనిచేయదు.

టీకాలు అసలే లేవని కాదు. పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు ముఖ్య కారణమైన రోటావైరస్‌కు మన దేశంలోనే టీకా తయారైంది. ఢిల్లీలో నవజాత శిశువుల నుంచి వేరుచేసిన ఒక బలహీనమైన వైరస్ తెగను తీసుకుని, హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ దాన్ని టీకాగా రూపొందించింది. 2016లో ప్రభుత్వం పిల్లలకు రోటావైరస్ టీకా ఇవ్వడం ప్రారంభించిన మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇది గొప్ప విజయమే. అయితే అనేకమంది శత్రువుల్లో అది ఒక్కరికే పగ్గం వేసింది.

పైగా ఈ శత్రువులలో కొన్ని మనిషి లేకపోయినా బతకగలవు. సముద్రంలో నదులు కలిసేచోట నీళ్లలో ఉండే అతి చిన్న జీవులను అంటిపెట్టుకుని కలరా క్రిమి హాయిగా జీవిస్తుంది. కలరా సోకిన వారిలో చాలామందికి లక్షణాలు స్వల్పంగా ఉంటాయి, లేదా అసలే ఉండవు. వాళ్లు మనలాగే తిరుగుతూ, తెలియకుండానే క్రిములను వెదజల్లుతుంటారు. మశూచి రోగికైతే పొక్కులు కనిపించాయి. ఇక్కడ ఎవరిని చూసి గుర్తుపడతాం?

అయిదు దారులు

ఈ క్రిములన్నిటి ప్రయాణం మాత్రం ఒక్కటే. ఒకరి మలంలోంచి బయలుదేరి మరొకరి నోటికి చేరడం. వినడానికి రోతగా ఉన్నా సత్యం అదే. ఆ ప్రయాణానికి అయిదు దారులున్నాయి. నీళ్లు, చేతివేళ్లు, ఈగలు, నేల, తిండి. మనం నీళ్లు కాచుకున్నామనుకోండి, ఒక దారి మూసినట్టు. కడగని చేత్తో పిల్లవాడికి అన్నం తినిపిస్తే రెండవ దారి తెరిచే ఉంది. చేతులు కడుక్కున్నా, ఆరుబయట మలం మీద వాలిన ఈగ వచ్చి మూతలేని కూర మీద వాలితే మూడవది. ఇంటికి అయిదు తలుపులుండి నాలుగింటికే గడియ పెడితే దొంగకు అడ్డేముంది?

ఎన్ని క్రిములు లోపలికి పోతే జబ్బు వస్తుందన్నది కూడా అన్నిటికీ ఒకటి కాదు. కలరాకు మామూలుగా లక్షల సంఖ్యలో క్రిములు కావాలి. షిగెల్లాకు 10 నుంచి 100 చాలు. రోటావైరస్ సోకిన బిడ్డ మలం ఒక్క గ్రాములో వెయ్యి కోట్లకు మించి వైరస్ కణాలు ఉండవచ్చు. జబ్బు పట్టుకోవడానికి మాత్రం కొద్దిపాటి కణాలే చాలు. గోటి సందులో మిగిలిన మురికి ఎంత పని చేయగలదో లెక్క వేసుకోండి.

మరి కుళాయి నీళ్లు మంచివే గదా అంటారా? చాలా ఊళ్లలో నీళ్లు రోజుకు ఒకటి రెండు గంటలే వదులుతారు. నీళ్లు పారుతున్నప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కనుక, చిల్లు ఉన్నా నీరు బయటికే పోతుంది. కట్టేయగానే లోపల ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు పక్కనున్న మురుగు అదే చిల్లులోంచి లోపలికి చేరుతుంది. మర్నాడు మొదట మన బిందెలో పడేది ఆ నీరే. కొన్నిసార్లు అది మసకగా ఉంటుంది. మరికొన్నిసార్లు తేటగానే ఉంటుంది. క్రిములు కంటికి కనిపించవు గనుక, నీటి తేటదనాన్ని నమ్మరాదు.

పేగులో ఏం జరుగుతుంది?

ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి పేగులలోకి రోజూ సుమారు 9 లీటర్ల ద్రవం చేరుతుంది. అందులో మనం తాగినదీ, తిన్నదానిలో ఉన్నదీ కలిపి 2 లీటర్లే. మిగతా 7 లీటర్లు లాలాజలం, జఠరరసం, పైత్యరసం వంటి జీర్ణరసాలుగా మన ఒంట్లోంచే వస్తుంది. చిన్న పేగు గోడలోని సన్నని చూషకాలు ఇందులో చాలాభాగాన్ని తిరిగి రక్తంలోకి పీల్చుకుంటాయి. మిగిలినదానిలో ఎక్కువ భాగాన్ని పెద్ద పేగు పీలుస్తుంది. చివరకు మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే!

ఈ ఏర్పాటు ఎక్కడ చెడినా విరేచనాలే. రోటావైరస్ చూషకాల మీది కణాలను పాడుచేస్తుంది. దాంతో పీల్చుకోవడం తగ్గిపోతుంది. షిగెల్లా పెద్ద పేగు గోడలో పుండ్లు చేస్తుంది. అందుకే ఆ విరేచనాలలో జిగట, రక్తం పడతాయి. కలరా క్రిమి పేగు గోడకు దెబ్బ తగలనివ్వకుండా ఒక విషాన్ని మాత్రం వదులుతుంది. ఈ విషం సంగతిని 1959లో నిరూపించినవాడు కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్ డే. ఆ విషం వల్ల పేగు కణాలు లవణాలను ఆపకుండా బయటికి వదులుతాయి. లవణాల వెంట నీరు పోతుంది. తీవ్రమైన కలరాలో పెద్దవారికి గంటకు ఒక లీటరు వరకు నీరు పోవచ్చు.

పసిబిడ్డలకు ప్రమాదం ఇంకా ఎక్కువ. 10 కిలోల బిడ్డ ఒంట్లోంచి ఒక లీటరు నీరు పోతే శరీరం బరువులో పదో వంతు పోయినట్టే. అక్కడికి ప్రాణం మీదికి వచ్చిందన్నమాట.

లంఖణం పరమౌషధమా?

నా చిన్నతనంలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా పక్కింట్లో ఏడాదిన్నర పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. వాడు నీళ్ల చెంబు వైపు చేయి చాచి ఏడ్చేవాడు. "నీళ్లు పోస్తే ఇంకా పారుతుంది, పోయకండి. లంఖణం పరమౌషధం" అన్నారు పెద్దలు. వాళ్లకు ఆ బిడ్డంటే ప్రాణం. మంచి చేస్తున్నామనే అనుకున్నారు. మర్నాటికి కళ్లు లోతుకు పోయాయి, ఏడ్చినా కన్నీరు రాలేదు. ఆ సాయంత్రం వాడు చనిపోయాడు. నీరు అందక పోయిందా ప్రాణం అన్నది నాకు బి.ఎస్సీ. చదివేటప్పుడు తెలిసింది.

మూతపడని తలుపు

విరేచనాలు పట్టినప్పుడు తాగిన నీళ్లు నిలవవన్న పెద్దల మాటలో కొంత నిజం లేకపోలేదు. వట్టి నీళ్లతో పోయిన లవణాలు తిరిగి రావు. అయితే పేగు గోడలో ఒక చిత్రమైన తలుపు ఉంది. గ్లూకోజు, ఉప్పులోని సోడియం రెండూ జతగా వస్తేనే అది వాటిని లోపలికి తీసుకుంటుంది. వాటి వెనకే నీరు వెళ్తుంది. ఈ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త వివరించాడు. కలరా విషం మిగతా ఏర్పాటునంతా తలకిందులు చేసినా, ఈ ఒక్క తలుపు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది!

దాని విలువ 1971లో లోకానికి తెలిసింది. బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైన్ చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, తినే సోడా నీళ్లలో కలిపి డ్రమ్ములలో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. అంతకుముందు నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నూటికి 4 లోపుకు తగ్గాయి. ఈనాటి ఓ.ఆర్.ఎస్. పొట్లం ప్రపంచమంతటా వాడుకలోకి రావడానికి ఆ అనుభవం ఎంతో తోడ్పడింది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు స్పష్టమవుతున్నది. విరేచనాలను మశూచిలా తుడిచిపెట్టడం కష్టం. చావులను ఆపడం మాత్రం మన చేతిలో ఉంది. 1980 ప్రాంతంలో ఏటా 40 లక్షలకు పైగా పసిపిల్లలు విరేచనాలతో చనిపోయేవారని అంచనా. ఇవాళ ఆ సంఖ్య అందులో సుమారు పదో వంతు. మిగిలిన పదో వంతు ఎందుకు తగ్గడం లేదు? ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు కూడా మందేనా అన్న చులకన ఒక కారణం. వైరస్‌ల మీద పనిచేయని యాంటీబయాటిక్ మాత్రలను కొని మింగడం మరొకటి. తిండిలేక చిక్కిన బిడ్డకు విరేచనాలు తరచుగా వస్తాయి. విరేచనాలతో బిడ్డ ఇంకా చిక్కిపోతుంది. ఈ చక్రం పేదల ఇళ్లలో ఆగకుండా తిరుగుతుంటుంది. మంచినీటి గొట్టం బాగుచేయడం, మురుగు కాలువ కట్టించడం, మరుగుదొడ్డి ఏర్పాటు చేయడం మందుల షాపులో దొరికేవి కావు. ఊరంతా పూనుకోవలసిన పనులవి.

మీరు చేయగలిగినది

ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ఆలస్యం చేయకుండా ఓ.ఆర్.ఎస్. మొదలుపెట్టండి. పొట్లం మీద ఎంత నీళ్లలో కలపమని ఉందో అంతే నీళ్లలో కలపండి. కలిపినదాన్ని 24 గంటలలో వాడాలి. పొట్లం దొరక్కపోతే, కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లలో టీ చెంచా అంచుకు సమంగా 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. కనుక కొలత తప్పరాదు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. తల్లిపాలు, అన్నం, గంజి, మజ్జిగ మానిపించరాదు. పిల్లలకు ఆరోగ్య కార్యకర్త ఇచ్చే జింకు మాత్రలు విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి.

బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గిపోయినా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. దారిలో కూడా, బిడ్డ తాగగలిగితే, ఓ.ఆర్.ఎస్. పడుతూనే ఉండాలి.

చేసి చూడండి

రెండు చుక్కల వంటనూనెలో చిటికెడు బొగ్గుపొడి కలిపి చేతులకు పూసుకోండి. ముందు వట్టి నీళ్లతో కడిగి చూడండి. నల్లదనం ఎక్కడెక్కడ మిగిలింది? తర్వాత సబ్బుతో, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల చివరలు రుద్ది కడగండి. ఇప్పుడు ఎంత మిగిలింది? రెండుసార్లూ చూసినదాన్ని నోటుపుస్తకంలో బొమ్మ గీసి పెట్టుకోండి. క్రిములు ఎక్కడ దాక్కుంటాయో ఆ బొమ్మ చెబుతుంది.

ఆలోచించండి

1. కుళాయి నీరు 24 గంటలూ వదిలితే మురుగు కలిసే ప్రమాదం ఎందుకు తగ్గుతుంది?

2. ఓ.ఆర్.ఎస్.లో ఉప్పు మాత్రమే వేసి గ్లూకోజు మానేస్తే ఏమవుతుంది?

3. మీ ఇంట్లో అయిదు దారులలో ఏవి మూసి ఉన్నాయి? ఏవి తెరిచి ఉన్నాయి?

మూడవ ప్రశ్నకు జవాబు ఈ సాయంత్రమే అమ్మానాన్నలతో కూర్చుని రాయండి.