నల్లరేగడి బండికి కొత్త డొప్పలు

సంక్రాంతి వెళ్లింది. పత్తిలో ఆఖరి తీత అయిపోయింది, మిరప కోతలు మొదలయ్యాయి. ఇక ఎండాకాలం దాకా బండి చేనుకీ గుంటూరు యార్డుకీ తిరుగుతూనే ఉంటుంది. ఈలోపే వెనక షాకబ్జర్ల డొప్పలు మార్చాలి. నా పాత బుల్లెట్‌కు స్ప్రింగుల మీద రేకు డొప్పలు, పైదొకటి, కిందదొకటి. ఎడమవైపు పై డొప్ప సొట్టపడి, గుంత దిగినప్పుడల్లా స్ప్రింగును గీరుతోంది. పాత సామాన్ల కొట్లో రెండు వైపులకీ కలిపి 480 రూపాయలయింది.

ముందు రోజు రాత్రే నట్ల మీద నాలుగు చుక్కల డీజిలు వేసి వదిలేస్తాను. పొద్దున్నే 14, 17, 19 నంబరు రింగు పానాలు, కొక్కెం పానా, లారీ సరుక్కి బిగించే రాచెట్ బెల్టులు రెండు, గోనెపట్టా పరుస్తాను. ఇంకో మనిషి కూడా ఉండాలి. మా బావమరిది వచ్చాడు.

బండిని చదును గచ్చు మీద పెద్ద స్టాండు వేస్తాం. స్ప్రింగు అడుగున మెట్లున్న రింగును కొక్కెం పానాతో తిప్పి బాగా వదులు మెట్టుకు తెస్తాను. ముందు విప్పేది ఒక్క ఎడమవైపే. కుడిది అలాగే ఉంటే చక్రం కిందికి జారదు, తిరిగి బిగించేటప్పుడు బోల్టు రంధ్రం దానంతటదే ఎదురొస్తుంది. పైనట్టు, కింది బోల్టు తీసి, రెండు కొసలూ సమంగా లాగితే షాకబ్జరు చేతికొస్తుంది. ఇరవై నిమిషాలు.

అసలు పని ఇప్పుడు. పై డొప్ప లోపల, కడ్డీ మెడ దగ్గర అర్ధచంద్రాల్లాంటి రెండు ఇనుప ముక్కలుంటాయి. వీటిని లాకులంటాం. బిగుసుకున్న స్ప్రింగును ఆపుతున్నది అవే. తొందరపడి వాటిని పొడిస్తే స్ప్రింగు ముఖం మీదికి ఎగురుతుంది. మందపాటి చెక్కను గుర్రపు లాడంలా కోసి డొప్ప నెత్తిన, మెడకు అటూ ఇటూ ఆనేలా కూర్చోబెడతాను. కింది కంట్లో ఇనుప కడ్డీ దూర్చి, చెక్కకీ కడ్డీకీ రెండు వైపులా బెల్టులు వేస్తాం. చుట్టూ గోనెపట్టా. తలా ఒక బెల్టు, ఒక్కో పన్నుగా బిగిస్తాం.

“బావా, నీవైపు ఎక్కువైంది, ఆగు,” అంటాడు. నిజమే, చెక్క ఒరిగింది. వదులు చేసి మళ్లీ మొదలెడతాం. డొప్ప అంగుళం దిగేసరికి లాకులు బయటపడతాయి. సన్నమూతి కటింగ్ ప్లేయరుతో ఒక్కొక్కటీ తీస్తాను. తర్వాత బెల్టులు వదలడానికి, బిగించినదానికి రెట్టింపు సమయం తీసుకోవాలి.

డొప్ప లోపల మా ఊరంతా ఉంది. రాయిలా గట్టిపడ్డ రేగడి, అందులో దూది పోగులు, మిరప గింజలు. ఈ కాలపు కుర్రాళ్లు షోకు కోసం డొప్పలు పీకేసి స్ప్రింగులు కనపడేలా తిరుగుతున్నారు. తారురోడ్ల మీద చెల్లుతుందేమో. ఇక్కడ ఆ మట్టే మెరిసే కడ్డీకి అంటుకుని ఆయిల్ సీలును కోస్తుంది, ఆయిలు కారుతుంది.

స్ప్రింగును డీజిల్లో కడిగి ఆరబెడతాను. కడ్డీని పొడిగుడ్డతోనే తుడుస్తాను, ఉప్పుకాగితం తగలనివ్వను. షాకబ్జరును నిలువుగా పట్టి ఐదారుసార్లు నొక్కి లాగి చూస్తాను. లోపలికి మెత్తగా, బయటికి బరువుగా రావాలి. ఎక్కడా జారిపడకూడదు. నాది బాగానే ఉంది.

కింది డొప్ప, స్ప్రింగు, పై డొప్ప, మళ్లీ చెక్క, బెల్టులు. లాకులు రెండూ గాడిలో సమంగా కూర్చున్నాయని వేలితో తడిమాకే వదులుతాం. కంటి రబ్బరు బుష్షులకు గ్రీజు కాదు, సబ్బునీళ్లు పూస్తాను. గ్రీజుకి రబ్బరు ఉబ్బుతుంది. నట్లు ముందు చేత్తో తిప్పి, బండి నేలమీద దిగాకే గట్టిగా బిగిస్తాను.

ఎడమవైపుకి గంటన్నర, కుడివైపుకి నలభై నిమిషాలు. వదులు మెట్టులో ఉన్న రింగులు రెండూ మళ్లీ మూడో మెట్టుకి. మర్నాడు చిలకలూరిపేట నుంచి యార్డుకి సుమారు 40 కిలోమీటర్లు వెళ్లి వచ్చి పానా వేసి చూస్తే, కుడివైపు పైనట్టు ఇంకా పావు చుట్టు తిరిగింది.