ఒక సెడాన్, రెండు పనులు: సెకండ్ హ్యాండ్ కారు లెక్క

రోజూ కాలేజీకో ఆఫీసుకో పోవాలి. ఏడాదికి ఒకట్రెండు సార్లు రేస్ ట్రాక్ మీద కూడా తిప్పాలి. గేర్లు మన చేత్తోనే మార్చాలి. డబ్బులు మాత్రం తక్కువే ఉన్నాయి. మన దగ్గర కార్ల పిచ్చి ఉన్నవాళ్ళను ఎవర్ని కదిపినా ఇదే కోరిక. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఉండేవాళ్ళు దీన్ని ఎట్లా లెక్క వేసుకోవాలో చూద్దాం.

ముందు కిలోమీటర్లు లెక్కపెడదాం

రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకుంటే ఏడాదికి 12,000 కిలోమీటర్లు. ఇక ట్రాక్ సంగతి. మనకు బాగా తెలిసిన ట్రాక్ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. 1990లో మొదలైంది, ఒక ల్యాప్ 3.7 కిలోమీటర్లు. ఒక రోజులో 30 ల్యాప్‌లు కొట్టినా 111 కిలోమీటర్లే. కానీ కరీంనగర్ నుంచి హైదరాబాద్ 165, అక్కడి నుంచి చెన్నై ఇంకో 630. పోను రాను దాదాపు 1,600 కిలోమీటర్లు. ఆదిలాబాద్ వాళ్ళకు ఇంకా ఎక్కువ, హైదరాబాద్ రావడానికే 300.

అంటే ఏడాదికి రెండుసార్లు పోయినా ట్రాక్ మీద తిరిగేది మొత్తంలో రెండు శాతం కూడా కాదు. మిగతా అంతా ట్రాఫిక్, హైవే. అందుకే మొదటి సూత్రం: బాగా నడిచే మామూలు కారు కొనండి, దాన్ని ట్రాక్‌కు సిద్ధం చేయండి. ఎవరో మోడిఫై చేసి, సస్పెన్షన్ కిందికి దించి, సైలెన్సర్ మార్చిన బండి అగ్గువకు వస్తుందని తీసుకుంటే ఊళ్ళో స్పీడ్ బ్రేకర్ల దగ్గరే తెలిసిపోతుంది.

ఏ కారు?

టయోటా ఎటియోస్: 1.5 లీటర్ పెట్రోల్, 90 పీఎస్. చూడ్డానికి సాదాగా ఉంటుంది. కానీ బరువు సుమారు 930 కిలోలే. టన్నుకు దాదాపు 97 పీఎస్ పడుతుంది. బరువు తక్కువైతే బ్రేకులకు, టైర్లకు కూడా పని తక్కువ. అయితే టాక్సీగా తిరిగి తర్వాత సొంత బండిగా మార్చినవి ఉంటాయి, పాత కాగితాలు అడగాలి.

హోండా సిటీ: 2014లో వచ్చిన నాలుగో తరం, 1.5 ఐ-వీటెక్, 119 పీఎస్. ఇంజిన్‌ను పైదాకా తిప్పితేనే అసలు బలం బయటికొస్తుంది, ట్రాక్ మీద మజా అదే. రేటు అంత తొందరగా పడదు, అదే చిక్కు.

ఫోక్స్‌వాగన్ వెంటో, స్కోడా రాపిడ్: 1.6 పెట్రోల్ మాన్యువల్, 105 పీఎస్. హైవే మీద గట్టిగా, స్థిరంగా పోతాయి. బరువు 1,100 కిలోలు దాటుతుంది కాబట్టి టన్నుకు 95 దగ్గరే. అంటే కాగితం మీద 15 పీఎస్ తక్కువున్న ఎటియోస్ కన్నా ముందేం లేవు. వెంటోతో రేసింగ్ కప్ కూడా నడిచింది గానీ అందులో ఉన్నది ఈ 1.6 ఇంజిన్ కాదు, పేరు చూసి మోసపోవద్దు. కొనేముందు సర్వీస్ సెంటర్ మన ఊరికి ఎంత దూరమో చూసుకోండి.

మారుతి సియాజ్: మొదట 1.4 పెట్రోల్, 92 పీఎస్. 2018 నుంచి 1.5, 105 పీఎస్. స్టీరింగ్ అంత హుషారుగా ఉండదు. కానీ పార్టులు జగిత్యాలలో అడిగినా, నిర్మల్‌లో అడిగినా ఇబ్బంది ఉండదు.

ఫోర్డ్ ఫియెస్టా 1.6: నడిపినవాళ్ళు ఇప్పటికీ మెచ్చుకునే బండి. కానీ ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇంట్లో ఇంకో బండి ఉంటేనే దీని జోలికి పోండి.

మూడు లక్షల లోపు అయితే నా ఓటు మంచి ఎటియోస్‌కే. ఇంకొంచెం పెట్టగలిగితే సిటీ. రెండింట్లో ఏదైనా ఏబీఎస్ ఉన్న వేరియంట్ మాత్రమే చూడండి. 2019కి ముందు కార్లలో కింది వేరియంట్లకు అది లేకుండా కూడా అమ్మారు.

చూసేటప్పుడు ఏం చూడాలి

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే పొండి. ముందే స్టార్ట్ చేసి పెడితే పొగ, టపటప శబ్దం దాచేసినట్టే. మూడో గేర్ వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ పట్టు ఉన్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ జారుతున్నట్టు, ఒకసారి చూస్తే చాలు. తర్వాత రోడ్డు మీద మూడు నుంచి రెండుకు మార్చి చూడండి. గరగరమంటే సింక్రో అరిగింది. ట్రాక్ మీద ఎక్కువగా వాడేది ఆ రెండు గేర్లే.

మీటర్‌ను నమ్మకండి. 40,000 తిరిగిందని చెప్పే బండికి పెడల్ రబ్బర్లు అరిగి నున్నగా ఉంటే ఎక్కడో తేడా ఉంది. టైర్ పక్కన నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. 2024 సెప్టెంబర్‌లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ముంచిన కార్లు ఎక్కడైనా అమ్మకానికి రావచ్చు. సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగి చూడండి. సీటు ముందు తుడుస్తారు గానీ బెల్టు లోపలి మట్టిని ఎవరూ తుడవరు.

మన ప్రాంతానికి ఇంకో రెండు పరీక్షలు. రామగుండం వైపు ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం పూట ఏసీ వేసి పది నిమిషాలు బండి నిలబెట్టి టెంపరేచర్ ముల్లు చూడండి. బొగ్గు గనుల ఏరియాలో తిరిగిన బండి అయితే ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. ఇంకా, 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా కార్లు ఇ20 పెట్రోల్ కోసం చేసినవి కావు. ఇంధనం పైపులు, సీల్స్ గట్టిపడ్డాయేమో మెకానిక్‌తో చూపించండి.

అసలు ఖర్చు బ్రేకుల్లో

ఫస్టియర్ ఫిజిక్స్ ఇక్కడ పనికొస్తుంది. 1,100 కిలోల కారును 60 వేగం నుంచి ఆపితే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 153 కిలోజౌళ్ళు. 100 నుంచి ఆపితే 424. వేగం రెట్టింపు కూడా కాలేదు, వేడి మాత్రం దాదాపు మూడు రెట్లు. ట్రాక్ మీద అది ప్రతి ల్యాప్‌లో, ప్రతి పెద్ద మలుపు ముందు.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హామీ 155కి పడిపోతుంది. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ నేలదాకా పోతుంది, కారు మాత్రం ఆగదు. కాబట్టి కారు కొన్న డబ్బుతో ఖర్చు ఆగదు. కొత్త బ్రేక్ ఆయిల్, మంచి ప్యాడ్లు, నాలుగు కొత్త టైర్లు, వీటికి ముందే డబ్బు పక్కన పెట్టండి. అవి కొనలేకపోతే ఇంకా చిన్న బండి చూడాలి.

కాగితాలు

ఫారం 29, 30 మీద సంతకాలు ఉండాలి. లోన్ ఉన్న బండికి ఫారం 35, వేరే రాష్ట్రం బండికి ఎన్ఓసీ కావాలి. మహారాష్ట్ర పక్కనే ఉంది కాబట్టి ఆదిలాబాద్‌లో ఇది తరచూ ఎదురయ్యే సంగతి. అక్కడ తక్కువకు వచ్చిందని మురిసేముందు ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్ కూడా కలుపుకోండి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మన పేరు మీదికి మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టాలి.

ఇంకో మాట చాలామందికి తెలియదు. మన మామూలు కారు పాలసీల్లో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ మినహాయింపుల కింద రాసి ఉంటాయి. ట్రాక్ మీద గోడకు కొడితే ఆ డబ్బు మనదే. పోగొట్టుకుంటే తట్టుకోగల కారునే ట్రాక్ మీదికి తీసుకుపోవాలి.

ఇంత ఖర్చు, 1,600 కిలోమీటర్లు ఎందుకు, రాజీవ్ రహదారి ఖాళీగానే ఉంది కదా అనే వాళ్ళు మన మధ్యే ఉన్నారు. ట్రాక్ మీద ఎదురుగా ఎవరూ రారు, మలుపు దగ్గర జెండా పట్టుకుని మనిషి ఉంటాడు, పక్కనే అంబులెన్స్ ఉంటుంది. రాజీవ్ రహదారి మీద రాంగ్ సైడ్ ట్రాక్టర్ వస్తుంది. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, పక్కన ఒక ముసలాయన కాపలా కూర్చుంటాడు. మనం కొనే కారుకు 119 పీఎస్ ఉందా 90 ఉందా అనేది ఆయనకు అక్కర్లేదు. ఆ రోడ్డు మీద ఎనభై దాటకుండా పోగలిగినవాళ్ళకే ట్రాక్ కారు కొనే అర్హత ఉందని నా లెక్క.