చేపల జాడ తెలుపు యంత్రము: తెరపై లోపములను గుర్తించు విధము

సముద్రములో చేపల జాడ తెలుపు యంత్రమును మన మత్స్యకారులు ఫిష్ ఫైండరనియు, ఎకో సౌండరనియు వ్యవహరింతురు. 1948లో జపాను దేశమున ఫురునో సోదరులు దీనిని వేటకు ఉపయోగపడు రూపమున తయారుచేసిరి. నేడు విశాఖపట్టణము, కాకినాడ, నిజాంపట్నము రేవులనుండి వేటకు పోవు మరపడవలకు ఇది పరిచితమైన పరికరము.

తెర నల్లబడినను, చుక్కలతో నిండినను యంత్రమే చెడినదని తలచి వెంటనే మరమ్మతునకు పంపువారు కలరు. కాని తెరపై కనబడు లోపములలో పెక్కింటికి మూలము బ్యాటరీలోనో, తీగెలలోనో, పడవ అడుగుననో ఉండును. వరుసగా పరీక్షించినచో కారణము బయటపడును. తీరగ్రామముల పంచాయతీ సభ్యులు ఈ వరుసను ఎరిగియుండుట వేటగాండ్రకు ఎంతయో మేలు. అందుచే దానిని ఇచట క్రమముగా వివరింతుము.

యంత్రము పనిచేయు విధము

పడవ అడుగున అమర్చిన ట్రాన్స్‌డ్యూసరు అను భాగము నీటిలోనికి శబ్దతరంగములను పంపును. అవి సముద్రపు అడుగునకో, చేపల గుంపునకో తగిలి ప్రతిధ్వనిగా మరలివచ్చును. సముద్రపు నీటిలో శబ్దము సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. కావున 75 మీటర్ల లోతునకు పోయి వచ్చుటకు సెకనులో పదవవంతు పట్టును. ఈ కాలమును బట్టి యంత్రము లోతును లెక్కకట్టును. తెర కుడి అంచున కనబడునది ఇప్పటి ప్రతిధ్వని. ఎడమకు జరిగినదంతయు పడవ దాటివచ్చిన చోటు.

తెర వెలుగనిచో

మొదట బ్యాటరీని చూడవలెను. 12 వోల్టుల యంత్రమునకు ఇంజను తిరుగ నారంభించునప్పుడు విద్యుత్తు తగ్గినచో తెర ఆరిపోయి మరల వెలుగుచుండును. అట్టిచో యంత్రమునకు బ్యాటరీనుండి వేరుగా తీగె వేయుట మంచిది. బ్యాటరీ కొనలకు పట్టిన తుప్పును గీకి, బిగువుగా కట్టవలెను. ఫ్యూజు కాలినచో అదే కొలత గల ఫ్యూజు వేయవలెనే గాని, రాగితీగె చుట్టరాదు. తెర వెలుగును తగ్గించియుంచిరేమో కూడ చూడవలెను. కొన్ని నల్లకండ్లద్దములలోనుండి చూచినప్పుడు మంచి తెరయు నల్లగా కనబడును. అద్దములు తీసి చూచిన ఈ సంశయము తీరును.

తెర వెలిగినను అడుగు కనబడనిచో

ట్రాన్స్‌డ్యూసరు తీగె యంత్రమునకు కలియుచోట ఉప్పునీరు చేరి తుప్పు పట్టినదేమో పరీక్షింపవలెను. తీగె ఎక్కడనైన నలిగినదో, తెగినదో చేతితో తడిమి చూడవలెను. పడవ ఒడ్డునకు వచ్చినప్పుడు ట్రాన్స్‌డ్యూసరు ముఖమునకు పట్టిన నాచును, గుల్లలను మెత్తని చెక్కముక్కతో తొలగింపవలెను, కత్తితో గీకరాదు. పడవ అడుగునకు పూయు రంగును దానిపై దట్టముగా పూయరాదు.

పిమ్మట అమరికలను చూడవలెను. 200 కిలోహెర్ట్జుల తరంగము తక్కువ లోతులో వివరముగా చూపును. లోతు ఎక్కువైనచో 50 కిలోహెర్ట్జులకు మార్చవలెను. లోతు హద్దును 50 మీటర్లకు బిగించి 80 మీటర్ల నీటిలో వెదకినచో అడుగు కనబడదు. పడవ ఇసుకపై నున్నప్పుడు సైతము తెరపై చేపలు కదలాడుచున్నచో యంత్రము అభ్యాసమునకై ఉద్దేశింపబడిన నమూనా చిత్రమును చూపుచున్నదని గ్రహింపవలెను. దానిని మాన్పక వేటకు పోయినచో డీజిలు వృథా యగును.

పరుగులో చిత్రము చెదరినచో

పడవ నిలిచినప్పుడు బాగుగా కనబడి, పరుగెత్తినప్పుడు చెదరుచున్నచో గాలిబుడగలు కారణమై యుండును. శబ్దము బుడగలను దాటి పోజాలదు. పంకాకు దగ్గరగా గాని, అడుగున పొడుచుకొని వచ్చిన మేకులకు, చెక్కలకు వెనుకగా గాని ట్రాన్స్‌డ్యూసరును అమర్పరాదు.

తెరనిండ చుక్కలు, గీతలు వచ్చినచో ఇంజను నాపి చూడవలెను. అవి పోయినచో లోపము ఇంజను విద్యుత్తులో కలదు. తరువాత రేడియో మొదలగు ఇతర పరికరములను ఒక్కొక్కటిగా ఆపి చూడవలెను. ట్రాన్స్‌డ్యూసరు తీగెను ఇంజను తీగెలతో కలిపి కట్టరాదు. సమీపమున నున్న మరియొక పడవ యంత్రము వలనను ఇట్టి గీతలు కలుగును. అది దూరమైనంతనే అవి పోవును.

లోపములు కానివి

తక్కువ లోతులో గట్టి నేలపై ప్రతిధ్వని రెండుమార్లు తిరిగి, అసలు అడుగునకు క్రింద రెండింతల లోతున మరియొక అడుగు కనబడవచ్చును. నిలిచిన పడవ క్రింద కదలక యున్న చేప పొడవైన గీతవలె కనబడును. నడినీటిలో పొరవలె కనబడునది సూక్ష్మజీవుల గుంపు కావచ్చును. ఇవి యంత్రదోషములు కావు.

ప్రాణముతో కూడిన లెక్క

లోతు అంకె ప్రక్కన మీటర్లా, అడుగులా, బారలా అను గుర్తును తప్పక చూడవలెను. తెరపై 10 అని యున్నది అడుగులైనచో లోతు 3 మీటర్లు మాత్రమే. దానిని 10 మీటర్లని భ్రమించి మొగలో ప్రవేశించిన పడవ ఇసుకమేటకు తగులును. కొందరు లోతును నీటిపైనుండి కాక ట్రాన్స్‌డ్యూసరునుండి కొలుచునట్లు అమర్తురు. ఆ భేదమును సరంగు ఎరిగియుండవలెను. యంత్రము ఎంత మంచిదైనను, బరువు కట్టి గుర్తులు వేసిన త్రాడును పడవలో ఉంచుట మానరాదు. ఆ త్రాడుతో అప్పుడప్పుడు లోతు కొలిచి తెర అంకెతో పోల్చవలెను.

పంచాయతీలు చేయదగినది

తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధింపబడును. పడవలు ఒడ్డున నుండు ఈ కాలమే పరీక్షకు తగిన సమయము. గ్రామమునకు ఒక మల్టీమీటరును, కొన్ని ఫ్యూజులను సమకూర్చి, చదువుకొన్న యువకు లిద్దరికి వాని వాడకము నేర్పింపవచ్చును. యంత్రము బాగుగా పనిచేయుచున్నప్పుడే దాని అమరికలను ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, చెడినప్పుడు పోల్చి చూచుట సులభము. విశాఖపట్టణములోని కేంద్ర మత్స్య నావిక శిక్షణసంస్థను, కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థను శిక్షణ విషయమై సంప్రదింపవచ్చును.

ఇంత చూచినను లోపము తీరనిచో యంత్రపు పెట్టెను విప్పరాదు. నీరు చొరకుండ వేసిన బిగింపు చెడిపోవును. ఏ పరీక్షలు చేసితిరో కాగితముపై వ్రాసి మరమ్మతుదారునకు ఈయవలెను. అందుచే పని త్వరగా ముగియును, అనవసరమైన ఖర్చును తప్పును.