రైతు వెదకు మాటకు గ్రంథాలయ వెబ్‌సైటులో చోటు

చదువరి కాలము వృథా కారాదన్నది 1931లో రంగనాథన్ ప్రకటించిన గ్రంథాలయ సూత్రములలో నాల్గవది. విశ్వవిద్యాలయ గ్రంథాలయపు వెబ్‌సైటుకును ఇదే కొలబద్ద. రుద్రూరు చెరకు, వరి పరిశోధనా స్థానము వంటి చోట్ల తేలిన ఫలితములు రైతుకు దొరకనిచో ప్రయోజనమేమి?

బోధన్ రైతు "ఎర్రకుళ్ళు" అని వెదకును. అక్కడ "వృక్షరోగ శాస్త్రము" అని మాత్రమే యున్నచో దారి తోచదు. ఈలోగా తెగులు సోకిన ముచ్చెలు నాటినచో తోటకే ముప్పు.

కావున వెబ్‌సైటును మార్చుటకు ముందు అయిదారుగురు రైతులను, విద్యార్థులను కూర్చుండబెట్టి, "ముచ్చెల శుద్ధి గూర్చి వెదకుడు" అని చెప్పవలెను. నడుమ సాయపడరాదు. ఎచ్చట ఆగిరో, ఏ మాట వాడిరో వ్రాసికొనవలెను. ఆ మాటలతోనే శీర్షికలు పెట్టి, మరల పరీక్షింపవలెను. గ్రామాధికారులు తమ ఊరిలో తెగుళ్ళకు వాడు పేర్లను వ్రాసి యిచ్చినచో పని సుళువగును.