ట్రౌట్ వాగులలో డిడిమో శైవలం: గుర్తింపు, గుర్తింపులో జరిగే పొరపాట్లు

న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని వైయావ్ నది దిగువ భాగంలో 2004 అక్టోబరులో రాళ్ళను కప్పివేసిన గోధుమరంగు పొరను పరిశీలించగా అది డిడిమోస్ఫీనియా జెమినేటా అనే డయాటమ్ అని తేలింది. ఆ దేశంలో దాని ఉనికి బయటపడటం అదే మొదటిసారి. 2005 డిసెంబరులో దక్షిణ దీవి మొత్తాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటించవలసి వచ్చింది. చల్లని, తేటనీటి వాగులలో ట్రౌట్ వేటకు వెళ్ళేవారు దీనిని క్లుప్తంగా డిడిమో అంటారు. ఇంగ్లీషులో దీనికి ‘రాతి చీమిడి’ అనే అర్థం వచ్చే ముద్దుపేరు కూడా ఉంది. ఆ పేరు గుర్తింపుకు తోడ్పడకపోగా తప్పుదారి పట్టిస్తుంది. చూపుకు జిగటగా ఉన్నా, చేతికి డిడిమో జిగటగా తగలదు.

క్షేత్రస్థాయిలో మొదటి పరీక్ష చేతితోనే జరగాలి. పొరలో కొంత భాగాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపినప్పుడు తడి ఉన్నిలాగానో, నానిన దూదిలాగానో గరుకుగా అనిపిస్తే డిడిమో అని అనుమానించవచ్చు. లాగితే సులభంగా తెగదు, రాతిని గట్టిగా పట్టుకొని ఉంటుంది. రంగు లేత గోధుమ, పసుపు కలిసిన గోధుమ లేదా తెలుపు. ఆకుపచ్చగా మాత్రం ఉండదు. ప్రవాహంలో పొడవుగా సాగిన తోకలు తడిసి చిరిగిన కాగితంలా తెల్లగా ఊగుతూ కనిపిస్తాయి. వీటిని చూసి మురుగునీరు కలిసిందని స్థానికులు ఫిర్యాదు చేయడం అరుదు కాదు.

వేళ్ళ మధ్య జారిపోయే ఆకుపచ్చ పోగులు స్పైరోగైరా వంటి తంతు శైవలాలవి. మెత్తగా, జిగురుగా ఉండి నలపగానే విడిపోయే గోధుమరంగు పొర సాధారణ డయాటమ్‌లది. ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఫార్మిడియం విషయంలో. ముదురు గోధుమ లేదా నలుపు రంగులో, మఖమల్ వంటి నునుపుతో, ముక్కవాసన వేసే ఈ నీలి ఆకుపచ్చ శైవలపు పొర రాళ్ళ నుండి ఊడి ఒడ్డున పేరుకుంటుంది. ఇది నాడీమండలంపై పనిచేసే విషాన్ని తయారు చేయగలదు. న్యూజిలాండ్ నదుల ఒడ్డున దీనిని తిన్న కుక్కలు మరణించాయి. డిడిమో చూపుకు అసహ్యంగా ఉన్నా అటువంటి విషం దానిలో లేదు. కాబట్టి ఒకదానిని మరొకటిగా పొరబడితే నష్టం పుస్తకానికే పరిమితం కాదు.

చేతి పరీక్ష అనుమానాన్ని కలిగిస్తుంది, నిర్ధారణకు సూక్ష్మదర్శిని కావాలి. డిడిమో కణం డయాటమ్‌లలో పెద్దది. పొడవు సుమారు 60 నుండి 140 మైక్రాన్ల వరకు ఉంటుంది కనుక 100 రెట్ల వృద్ధీకరణలోనే స్పష్టంగా కనిపిస్తుంది. నడుమ ఉబ్బి, రెండు కొసలు గుండ్రంగా ఉండి, ఒక కొస రెండవదానికంటే వెడల్పుగా ఉండే దాని సిలికా పెంకు కూల్‌డ్రింక్ సీసాను గుర్తు చేస్తుంది. ఇరుకైన కొస నుండి పాలీశాకరైడ్‌తో తయారైన కాడ పుడుతుంది. కణం విభజన చెందిన ప్రతిసారీ కాడ రెండుగా చీలుతుంది. పొరలో అధికభాగం ఈ కాడలదే, కణాలది కాదు. కణాలు నశించిన తరువాత కూడా కాడల ముద్ద రాళ్ళపై నిలిచి ఉంటుంది. విద్యార్థులు తరచుగా పొరపడేది ఇక్కడే. తెల్లబడిన పాత పొర నుండి తీసిన నమూనాలో కణాలు కనిపించలేదని ‘డిడిమో లేదు’ అని నమోదు చేయడం తొందరపాటు అవుతుంది. అదే రాతిపై తాజాగా, గోధుమరంగులో ఉన్న భాగం నుండి మరొక నమూనా తీయాలి.

దీనికి విరుద్ధమైన పొరపాటూ ఉంది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఫార్మింగ్‌టన్ నది పశ్చిమ శాఖలో డిడిమోను పోలిన దట్టమైన పొరలను పరిశీలించినప్పుడు అవి సింబెల్లా జానిషీ అనే వేరొక డయాటమ్‌వని తేలింది. అదీ కాడలు గల జీవే, చేతికీ కంటికీ దాదాపు అలాగే ఉంటుంది. అయితే దాని కణం నెలవంకలా ఒక పక్కకు వంగి ఉంటుంది. సూక్ష్మదర్శిని లేకుండా ఈ రెండింటినీ వేరుచేయడం సాధ్యం కాదు.

వ్యవసాయ శాస్త్ర విద్యార్థికి వింతగా తోచే అంశం భాస్వరం. పొలాల నుండి పోషకాలు చేరితే నాచు పెరుగుతుందన్నది తెలిసిన సూత్రమే. డిడిమో దానికి ఎదురు నడుస్తుంది. కరిగిన భాస్వరం లీటరుకు సుమారు 2 మైక్రోగ్రాముల కంటే తక్కువగా ఉన్న నీటిలోనే అది దట్టంగా పరచుకుంటుంది. భాస్వరం చాలనప్పుడు కణ విభజన మందగిస్తుంది, కిరణజన్య సంయోగక్రియ మాత్రం ఆగదు. మిగులు కర్బనం కాడల రూపంలో బయటకు వస్తుంది. అందువల్ల దట్టమైన పొరను కాలుష్యానికి రుజువుగా చూపడం శాస్త్రీయం కాదు.

ఈ విషయం తెలిసిన తరువాత గుర్తింపుకు సంబంధించిన అసలు ప్రశ్న ముందుకు వచ్చింది. 2007లో వెర్మాంట్ రాష్ట్రంలో డిడిమో బయటపడినప్పుడు దానిని కొత్తగా చొరబడిన జీవిగానే భావించారు. తడిని పట్టి ఉంచే ఫెల్ట్ అడుగుల బూట్లు దానిని మోసుకువస్తున్నాయని 2011లో వాటిని నిషేధించారు. అయితే కెనడాలోని క్విబెక్‌లో 2006లో డిడిమో విజృంభించిన ప్రాంతపు సరస్సు అడుగు మట్టిపొరలలో అంతకు దశాబ్దాల ముందటి డిడిమో పెంకులు దొరికాయి. ఉత్తర అమెరికాలో అది మొదటి నుండీ అరుదుగా ఉన్న జీవేననీ, మారినది నీటి గుణమనీ వాదన బలపడింది. వెర్మాంట్ 2016లో నిషేధాన్ని ఎత్తివేసింది. న్యూజిలాండ్ విషయం వేరు. అక్కడ అది మనుషుల ద్వారా వచ్చిన జీవిగానే పరిగణింపబడుతున్నది. ఒకే కణం ఒక దేశంలో చొరబాటుదారు, మరొక దేశంలో స్థానికుడు. సూక్ష్మదర్శిని జాతిని చెబుతుందే కాని, అది ఎప్పుడు వచ్చిందో చెప్పదు. అందుకు పాత నమూనాలు, అడుగు మట్టిపొరలు, అంతకు ముందటి సర్వేలు చూడవలసిందే.

భారతదేశంలో ఈ తేడా హిమాలయ వాగులకు నేరుగా వర్తిస్తుంది. అక్కడి నదులలో డిడిమో విరివిగా ఉన్నట్లు నమోదైంది. వాగులో దానిని చూసిన వెంటనే ‘ఆక్రమణ’ అని నివేదిక రాయడానికి అది ఆధారం కాజాలదు. నిజానికి ఆ వాగులలో కొత్తగా వచ్చినది గోధుమ ట్రౌట్. బ్రిటిష్ పాలనలో దాని గుడ్లను స్కాట్లాండ్ నుండి కాశ్మీరుకు తెచ్చారు.

భీమ్‌తాల్ వంటి శీతల జల మత్స్య పరిశోధన కేంద్రాలకు వెళ్ళే తెలుగు విద్యార్థులు నమూనా సేకరణలో రాతి స్థానం, పొర మందం, రంగు, నీటి ఉష్ణోగ్రత, భాస్వరం స్థాయి కలిపి నమోదు చేసుకోవాలి. ఒక వాగు నుండి మరొక వాగుకు వెళ్ళే ముందు బూట్లను, వలలను శుభ్రం చేయడం తప్పనిసరి, ఎందుకంటే ఒక్క కణం చేరినా కొత్త ప్రవాహంలో వృద్ధి చెందగలదు. న్యూజిలాండ్ పద్ధతి ప్రకారం పాత్రలు తోమే డిటర్జెంట్‌ను 5 శాతం కలిపిన నీటిలో పరికరం పూర్తిగా తడిసి కనీసం 1 నిమిషం ఉండాలి. లేదా చేతికి పొడిగా తగిలేవరకు ఆరబెట్టి, ఆ తరువాత మరో 48 గంటలు వాడకుండా ఉంచాలి. ఫెల్ట్, నురుగు వంటి నీటిని పీల్చే వస్తువులలోకి ద్రావణం లోపలి వరకు చేరడానికి 1 నిమిషం చాలదు కనుక వాటిని మరింతసేపు నానబెట్టాలి.