కౌంటర్ లెక్కలో కనబడని ఆరు పుస్తకాలు

మా అవ్వకి చదువు రాదు. చింతపండు బుట్టకొక గీత చొప్పున గోడ మీద బొగ్గుతో గీసి లెక్క చెప్పుద్ది. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఇలాంటి పని చేసేదాన్ని కౌంటర్ అంటారు. పైథాన్‌ను గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేశారు. కౌంటర్ 2009లో పైథాన్ 3.1తో వచ్చింది. అది భాషతోపాటే వచ్చే కలెక్షన్స్ అనే భాగంలో ఉంటుంది. విడిగా తెచ్చుకోనక్కర్లేదు.

కౌంటర్‌కి పేర్లు వరసగా ఇస్తే, ఒక్కో పేరు ఎన్నిసార్లు వచ్చిందో పక్కన అంకె వేస్తుంది.

సున్నా సంగతి: పట్టీలో లేని పేరు అడిగితే పైథాన్‌లోని మామూలు డిక్షనరీ తప్పు చూపించి ఆగిపోతుంది. కౌంటర్ మాత్రం సున్నా అంటుంది. మనం ఒక పేరుకి సున్నా వేసి ఉంచినా సున్నా అనే అంటుంది. కానీ రెండూ ఒకటి కాదు. మొదటి పేరు పట్టీలోనే లేదు. రెండోది ఉంది. మనం తుడిచేస్తేనే పోతుంది.

తీసివేత సంగతి: రాజమండ్రి నుంచి ఒక హాస్టల్‌కి నోటుపుస్తకాలు వచ్చాయనుకుందాం.

వచ్చినవి: తెలుగు 40, లెక్కలు 40, ఇంగ్లీషు 30.
కావాల్సినవి: తెలుగు 35, లెక్కలు 40, ఇంగ్లీషు 36.

వచ్చిన వాటిలోంచి కావాల్సినవి మైనస్ గుర్తుతో తీసేస్తే కౌంటర్ ఏం చెబుతుంది? తెలుగు 5. అంతే! మైనస్ గుర్తు సున్నా కంటే ఎక్కువ ఉన్నవే ఉంచుతుంది. లెక్కలు, ఇంగ్లీషు పేర్లే కనబడవు. చూసినవాళ్లు 5 పుస్తకాలు మిగిలాయని సంతోషిస్తారు. ఇంగ్లీషు క్లాసులో ఆరుగురు ఊరికే కూర్చోవాలి.

అదే సబ్‌ట్రాక్ట్ అనే పద్ధతిలో తీసేస్తే తెలుగు 5, లెక్కలు 0, ఇంగ్లీషు -6 అని మొత్తం చూపిస్తుంది. లోటు దాచదు. ఒక్క జాగ్రత్త: మైనస్ గుర్తు కొత్త పట్టీ ఇస్తుంది, సబ్‌ట్రాక్ట్ పాత పట్టీనే మార్చేస్తుంది. అందుకని ముందు నకలు తీసి ఉంచుకోవాలి.

మిగిలినవి మాత్రమే కావాలంటే మైనస్ గుర్తు చాలు. ఎవరికి అందలేదో తెలియాలంటే సబ్‌ట్రాక్ట్ వాడాలి.

మీకో ప్రశ్న: కావాల్సిన వాటిలోంచి వచ్చినవి మైనస్ గుర్తుతో తీసేస్తే ఏం మిగులుద్ది? చీటీ మీద జవాబు రాసి ఈ గోడపత్రిక కింద గుచ్చండి.